టెర్మినేటర్ టైమ్‌లైన్ చిక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

టెర్మినేటర్ సినిమాలు వరసపెట్టి చూసినవాళ్లకి మూడోది మొదలవగానే మొదటి డౌట్ వస్తుంది, ఐదోదానికి వచ్చేసరికి బుర్ర వేడెక్కిపోతుంది. ఆపేశాం అనుకున్న యుద్ధం మళ్లీ ఎలా వచ్చింది, చచ్చిపోయిన సారా మళ్లీ ఎలా బతికింది, జాన్ ఒకచోట హీరో ఇంకోచోట విలన్ ఏంటి అని. నన్ను ఎక్కువమంది అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నా. కథలు మొత్తం చెప్పేస్తాను కాబట్టి ఇంకా చూడనివాళ్లు ముందు మొదటి రెండు సినిమాలైనా చూసొచ్చి చదవండి, ప్లీజ్.

మొత్తం ఎన్ని ఉన్నాయి?

సినిమాలు ఆరు. టెర్మినేటర్ (1984), జడ్జిమెంట్ డే (1991), రైజ్ ఆఫ్ ది మెషీన్స్ (2003), సాల్వేషన్ (2009), జెనిసిస్ (2015), డార్క్ ఫేట్ (2019). ఇవి కాక 2008-09లో ఫాక్స్ ఛానెల్‌లో సారా కానర్ క్రానికల్స్ అని 31 ఎపిసోడ్ల టీవీ సిరీస్ వచ్చింది, 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో టెర్మినేటర్ జీరో అని 8 ఎపిసోడ్ల యానిమే వచ్చింది. కామిక్స్, నవలలు, గేమ్‌లు కూడా చాలా ఉన్నాయి కానీ వాటిని కూడా ఇందులోకి లాగితే ఇక తేలదు, అందుకే వదిలేస్తున్నా.

ఇవన్నీ కలిపి ఒకే కథేనా?

కాదు. దీని దగ్గరే అందరూ తప్పటడుగు వేస్తారు. ఆరు సినిమాల్ని ఒక దారానికి గుచ్చిన పూసల్లాగా చూడకండి, ఒక చెట్టులాగా చూడండి. మొదటి రెండు సినిమాలు మాను. ఆ పైన ఉన్నవన్నీ కొమ్మలు, ఒక కొమ్మకీ ఇంకో కొమ్మకీ సంబంధం లేదు. మూడు, నాలుగు సినిమాలు ఒక కొమ్మ. టీవీ సిరీస్ రెండో సినిమా నుంచి విడిగా వచ్చిన ఇంకో కొమ్మ. డార్క్ ఫేట్ కూడా రెండో సినిమా చివర నుంచే మొలిచింది, మధ్యలో వచ్చినవేవీ జరగనట్టే. జెనిసిస్ అయితే ఇంకా కిందకి దిగి మొదటి సినిమా మొదలయ్యే చోటే మానుని నరికి కొత్తగా నాటుకుంది. ఈ బొమ్మ ఒకటి మనసులో పెట్టుకుంటే సగం డౌట్లు అక్కడే తీరిపోతాయి.

మొదటి సినిమాలో టైమ్ ఎలా పనిచేస్తుంది?

గుండ్రంగా. 2029లో మనుషులు మెషీన్ల మీద యుద్ధం గెలిచేశారు, ఓడిపోతున్న స్కైనెట్, అంటే మనుషుల మీద తిరగబడ్డ ఏఐ, చివరి ప్రయత్నంగా మనిషిలా కనిపించే టీ-800 అనే రోబో టెర్మినేటర్‌ని 1984 లాస్ ఏంజెలెస్‌కి పంపింది, మనుషుల నాయకుడు జాన్ కానర్ పుట్టకముందే వాళ్లమ్మ సారాని చంపెయ్యమని. ఆమెని కాపాడమని జాన్ తన మనిషి కైల్ రీస్‌ని పంపుతాడు. ఆ కైలే సారా ప్రేమలో పడి జాన్‌కి తండ్రి అవుతాడు. అంటే స్కైనెట్ ఆ మెషీన్‌ని పంపకపోయుంటే కైల్ వచ్చేవాడు కాదు, జాన్ పుట్టేవాడే కాదు, తన శత్రువుని తనే పుట్టించుకుంది అనమాట.

ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఫోటో. కైల్ దగ్గర సారా ఫోటో ఒకటి ఉంటుంది, జాన్ ఇచ్చింది, భవిష్యత్తులో దాన్నే చూస్తూ బతికాడు, అందులో ఆమె మొహంలో ఒక దిగులు ఉంటుంది, ఆ టైమ్‌కి ఏం ఆలోచిస్తుందో అని ఎప్పుడూ అనుకునేవాణ్ణి అని సారాకే చెప్తాడు. సినిమా చివర్లో మెక్సికో వైపు వెళ్తూ పెట్రోల్ బంకు దగ్గర సారా ఆగినప్పుడు ఒక పిల్లాడు పోలరాయిడ్‌తో టక్కున ఫోటో తీస్తాడు, అదే ఫోటో. ఆ క్షణంలో ఆమె తలుచుకుంటున్నది చనిపోయిన కైల్‌నే. లూప్ మూసుకుంది. ఒక్క వివరణ లేకుండా. టైమ్ ట్రావెల్ కథల్లో ఇంతకన్నా అందంగా ముడి వేసింది నేను ఇంకోటి చూడలేదు.

ఇక్కడ రూల్ ఏంటంటే, ఏదీ మారదు. జరగాల్సిందే జరిగింది, ఆపడానికి చేసిన ప్రయత్నమే దానికి కారణమైంది. మనకి ఇది కొత్తేం కాదు కదా, దేవకి ఎనిమిదో బిడ్డ వల్లే చావని విని కంసుడు చెల్లెల్ని బావని చెరసాలలో పెట్టడం, పెట్టినా కృష్ణుడు పుట్టడం, చిన్నప్పటి నుంచి విన్న కథే.

జాన్ తన తండ్రి కన్నా పెద్దవాడా?

అవును. జాన్ 1985 ఫిబ్రవరి 28న పుట్టాడు, రెండో సినిమాలో పోలీస్ రికార్డులో కనిపిస్తుంది. కైల్ యుద్ధం తర్వాత శిథిలాల్లో పెరిగినవాడు, జాన్ కన్నా చాలా చిన్నవాడు. ఈ కుర్రాడే నాకు నాన్న అని తెలిసీ, పంపిస్తే చచ్చిపోతాడని తెలిసీ, ఆ మాట అతనికి చెప్పకుండా జాన్ పంపాలి. దీని మీద ఒక సినిమా మొత్తం తియ్యొచ్చు, ఎవరూ సరిగ్గా తియ్యలేదు అనేది నా బాధ.

వెళ్లినవాళ్లు వెనక్కి ఎందుకు రారు? బట్టలు ఎందుకు ఉండవు?

ఆదిత్య 369లో లాగా మెషీన్‌లో కూర్చుని వెళ్లి, పని చూసుకుని తిరిగి రావడం ఇక్కడ కుదరదు. (ఆ సినిమా, జడ్జిమెంట్ డే రెండూ 1991 జులైలోనే వచ్చాయి, రెండు వారాల తేడాలో.) ఇక్కడ మెషీన్ భవిష్యత్తులోనే ఉండిపోతుంది, మనిషి మాత్రమే వెళ్తాడు, అందుకే వన్ వే. ప్రాణం ఉన్న కణజాలం మాత్రమే దాటగలదు, బట్టలు ఆయుధాలు దాటవు. టీ-800 లోపల లోహమే అయినా పైన నిజమైన మాంసం, చర్మం ఉంటాయి కాబట్టి సరిపోయింది.

మరి రెండో సినిమాలో జాన్‌ని చంపడానికి వచ్చే, ఒళ్లంతా ద్రవ లోహమే అయిన టీ-1000 ఎలా దాటింది అంటారా, సినిమాలో ఎక్కడా చెప్పలేదు. ఫ్యాన్స్ రకరకాలుగా చెప్తారు, చర్మాన్ని అనుకరించగలిగితే మెషీన్‌ని కూడా మోసం చేసి ఉండొచ్చు అని కొందరు, మాంసపు సంచిలో చుట్టి పంపారు అని కొందరు. నాకైతే మొదటిది నచ్చుతుంది గానీ అది ఊహే, కథలో లేదు.

రెండో సినిమాలో ఏం మారింది?

రూలే మారింది. మొదటి సినిమాలో విధి రాసిపెట్టేసి ఉంది, రెండో సినిమాలో విధి అనేది లేదు, మనం చేసిందే ఉంది అని సారా బల్ల మీద కత్తితో చెక్కుతుంది. తీసింది జేమ్స్ కామెరూనే, రెండూ ఆయనవే, ఏడేళ్ల తర్వాత తన లూప్‌ని తనే పగలగొట్టాడు.

ఎలాగంటే, 1984లో ప్రెస్ కింద నలిగిపోయిన టీ-800 చెయ్యి, చిప్ సైబర్‌డైన్ కంపెనీ చేతికి చిక్కుతాయి. మైల్స్ డైసన్ అనే ఇంజనీర్ ఆ చిప్ చూసే కొత్త ప్రాసెసర్ తయారు చేస్తున్నాడు, అదే స్కైనెట్ అవుతుంది. అంటే స్కైనెట్ పంపిన మెషీన్ ముక్క నుంచే స్కైనెట్ పుట్టింది. చెట్టు ముందా విత్తు ముందా? ఆ చిప్‌ని మొదట డిజైన్ చేసింది ఎవరు? ఎవరూ కాదు. అది గుండ్రంగా తిరుగుతూనే ఉంది, మొదలు లేదు.

ఇది రెండో సినిమాకి అతికించిన ఆలోచన కాదు. మొదటి సినిమాలోనే ఆ ఫ్యాక్టరీ సైబర్‌డైన్ వాళ్లదని, వాళ్లకి ముక్కలు దొరికాయని చూపించే సీన్ తీశారు, ఎడిటింగ్‌లో తీసేశారు. రెండోదాంట్లో అదే కథకి వెన్నెముక అయింది. చివర్లో డైసన్ ప్రాణం ఇచ్చి ల్యాబ్ పేల్చేస్తాడు, చిప్, చెయ్యి, టీ-1000, చివరికి ఈసారి జాన్‌ని కాపాడటానికి వచ్చిన మంచి టీ-800 కూడా కరిగిన ఉక్కులోకి వెళ్లిపోతాయి.

స్కైనెట్ లేకపోతే కైల్ రాడు, కైల్ రాకపోతే జాన్ పుట్టడు. మరి జాన్ ఎందుకు మాయం అవ్వలేదు?

నన్ను ఎక్కువగా అడిగేది ఇదే, ఎక్కువసేపు ఆలోచించింది కూడా ఇదే. సినిమా నోటితో చెప్పదు కానీ కళ్లకి చూపిస్తుంది. సైబర్‌డైన్ ల్యాబ్ పేలిపోయాక, చిప్ కరిగిపోయాక కూడా టీ-800 అక్కడే నిలబడి ఉంటుంది, జాన్ అక్కడే ఏడుస్తూ ఉంటాడు. బ్యాక్ టు ది ఫ్యూచర్ సినిమాలో లాగా ఫోటోలో మనుషులు చెరిగిపోవడం లాంటివి ఇక్కడ లేవు. దాని అర్థం ఏంటంటే, వచ్చినవాడు వచ్చేశాడు, అతను బయల్దేరిన భవిష్యత్తు ఇక రాకపోయినా అతను వచ్చిన సంగతి చెరగదు. నది పాయలుగా చీలినట్టు అనుకోండి, పై నుంచి కొట్టుకొచ్చిన దుంగ ఏ పాయలోకి వెళ్తే ఆ పాయలోనే ఉంటుంది, పక్క పాయ ఎండిపోయినంత మాత్రాన దుంగ మాయం అయిపోదు.

ఇలా చూస్తే రెండో సినిమా బాగానే నిలబడుతుంది. కానీ అప్పుడు మొదటి సినిమా దెబ్బతింటుంది, ఎందుకంటే పాయలు చీలేటట్టైతే కైల్ బయల్దేరిన భవిష్యత్తులో జాన్‌కి తండ్రి ఎవరు అనే ప్రశ్న వస్తుంది. అక్కడ ఎవరో వేరే మనిషి తండ్రి అని ఒక థియరీ ఉంది, నేను ఒప్పుకోను, ఆ ఫోటో అబద్ధం అయిపోతుంది కాబట్టి. నేను అనుకునేది ఇది, లూప్ నిజమే, అది ఎన్నోసార్లు తిరిగింది, ఒక్కసారి మాత్రం సారా, జాన్, ఆ మెషీన్ కలిసి దాన్ని తెంపారు. లెక్క ప్రకారం చూస్తే ఇందులో లొసుగు ఉంది, నాకూ తెలుసు. ఐనా రెండు సినిమాలకీ న్యాయం చేసే సమాధానం నాకు ఇంతకన్నా దొరకలేదు.

జడ్జిమెంట్ డే అసలు ఏ తారీఖు?

జడ్జిమెంట్ డే అంటే స్కైనెట్ అణుబాంబులతో మనుషుల మీద దాడి చేసే రోజు. అది ఏ కొమ్మ మీద కూర్చున్నారో దాన్ని బట్టి. మొదటి సినిమాలో తారీఖు లేదు, ఇంకొన్నేళ్లలో అని మాత్రమే కైల్ చెప్తాడు. రెండోదాంట్లో 1997 ఆగస్టు 29, ఆ రోజు 300 కోట్లమంది పోతారని సారా గొంతుతోనే సినిమా మొదలవుతుంది. మూడోదాంట్లో 2004 జులై. టీవీ సిరీస్‌లో 2011 ఏప్రిల్ 21. జెనిసిస్‌లో పాత తారీఖు 1997దే, మారిన తర్వాత 2017 అక్టోబర్. డార్క్ ఫేట్‌లో స్కైనెట్ యుద్ధం అసలు రాలేదు, దాని బదులు లీజియన్ అనే ఇంకో ఏఐ వస్తుంది. జీరోలో మళ్లీ 1997 ఆగస్టు 29, ఆ యానిమే రిలీజ్ చేసింది కూడా ఆగస్టు 29నే.

మూడో సినిమాని అందరూ ఎందుకు తిడతారు?

రెండోదాని ముగింపుని కొట్టేసింది కాబట్టి. యుద్ధాన్ని ఆపలేదు, వాయిదా వేశారు అంతే అని ఈసారి కాపాడటానికి వచ్చిన టెర్మినేటర్ టీ-850 జాన్‌తో అంటుంది. సారా 1997లో బ్లడ్ క్యాన్సర్‌తో చనిపోయిందని ఒక్క మాటలో తేల్చేశారు, అది నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. జాన్ కూడా తన మీద దాడి జరిగినప్పుడు 13 ఏళ్లు అంటాడు, రెండో సినిమా రికార్డు ప్రకారం 10.

కానీ చివరి పది నిమిషాలకి మాత్రం దణ్ణం పెట్టాలి. స్కైనెట్‌ని ఆపడానికని జాన్, అతని కాబోయే భార్య కేట్ కొండలోపలి బంకర్‌కి వెళ్తారు, అక్కడ స్కైనెట్ ఉండదు, పాత కంప్యూటర్లు, రేడియో మాత్రమే ఉంటాయి. స్కైనెట్‌కి ఒక గది, ఒక స్విచ్ లేవు, అది సాఫ్ట్‌వేర్, ప్రపంచంలో ఉన్న లక్షల కంప్యూటర్లలో పరుచుకుని ఉంది. వాళ్లని పంపింది ఆపడానికి కాదు, బతికించడానికి. బాంబులు పడుతుంటే రేడియోలో ఎవరో ఇక్కడ ఇన్‌ఛార్జ్ ఎవరు అని అడిగితే జాన్ మైక్ అందుకుంటాడు. అంత ధైర్యంగా ముగించిన సీక్వెల్ తర్వాత ఇంకోటి రాలేదు.

సాల్వేషన్ ఎక్కడ కూర్చుంటుంది?

మూడోదాని తర్వాత, 2018లో, యుద్ధం మధ్యలో. టైమ్ ట్రావెల్ లేని ఒకే ఒక్క సినిమా ఇది. పెద్ద చిక్కు ఒకటే. స్కైనెట్ చంపాల్సినవాళ్ల లిస్టులో టీనేజ్ కైల్ పేరు అందరికన్నా పైన ఉంటుంది. అతను జాన్ తండ్రి అవుతాడని స్కైనెట్‌కి ఎలా తెలిసింది? మొదటి సినిమాలో కైల్ చెప్పిన దాని ప్రకారం రికార్డులన్నీ యుద్ధంలో పోయాయి, స్కైనెట్‌కి జాన్ తల్లి పేరు, ఊరు తప్ప ఏం తెలీదు, అందుకే ఆ టెర్మినేటర్ ఫోన్ డైరెక్టరీలో ఉన్న సారా కానర్లందరినీ వరసగా చంపుకుంటూ వస్తుంది. ఇంకోటి, లిస్టులో టాప్ మనిషి చేతికి చిక్కాక చంపకుండా ఎరగా పెట్టుకుంటుంది. దీనికి సమాధానం లేదు, రాసినవాళ్లు చూసుకోలేదు.

టీవీ సిరీస్ చూడాలా, స్కిప్ చెయ్యొచ్చా?

చూడండి. మొదటి రెండు సినిమాల తర్వాత నేను పెట్టేది దీన్నే. 1999లో మొదలై మొదటి ఎపిసోడ్‌లోనే సారా, జాన్, వాళ్లని కాపాడే కామెరూన్ అనే టెర్మినేటర్ 2007కి దూకేస్తారు, దాంతో మూడో సినిమాలో చెప్పిన సారా చావుని దాటేసినట్టు అయింది.

పాయలు చీలడం అనే విషయాన్ని కథలో నిజంగా వాడుకున్నది కూడా ఇదే. కైల్ అన్న డెరెక్, అతని లవర్ జెస్సీ ఇద్దరూ భవిష్యత్తు నుంచి వేర్వేరుగా వస్తారు. ఫిషర్ అనే వాడు నిన్ను చిత్రహింసలు పెట్టాడు అని జెస్సీ అంటుంది, వాడెవరో డెరెక్‌కి తెలీదు. అప్పుడు అర్థమవుతుంది, వీళ్లిద్దరూ ఒకే భవిష్యత్తు నుంచి రాలేదు, ఒకరు ప్రేమించింది ఇంకొకరిని కాదు, ఆ మనిషి లాంటి మనిషిని. ఆఖరి ఎపిసోడ్‌లో జాన్ భవిష్యత్తుకి దూకితే అక్కడ జాన్ కానర్ అనే పేరే ఎవరూ విని ఉండరు, మధ్యలో ఆ సంవత్సరాలు అతను లేడు కాబట్టి. అక్కడితో ఆపేశారు, మూడో సీజన్ రాలేదు.

జెనిసిస్ నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. సింపుల్‌గా చెప్పండి.

కైల్‌ని 1984కి పంపుతుండగా జాన్ మీద దాడి జరుగుతుంది, అక్కడ గతం చీలిపోతుంది. కైల్ దిగేసరికి 1984 మనకి తెలిసిన 1984 కాదు, 1973లోనే ఎవరో ఒక టీ-800ని పంపి తొమ్మిదేళ్ల సారాని కాపాడారు, ఆమె దాన్ని పాప్స్ అని పిలుస్తూ పెరిగింది. అక్కణ్ణుంచి కైల్, సారా 2017కి దూకుతారు, పాప్స్ మాత్రం మామూలు దారిలో ముసలైపోతూ వాళ్ల కోసం ఎదురు చూస్తుంది. 2017లో వాళ్లకి జాన్ ఎదురవుతాడు, కానీ మెషీన్‌గా మారిపోయిన జాన్.

తేలనివి రెండు. పాప్స్‌ని పంపింది ఎవరు, అది రాబోయే భాగాల్లో చెప్దాం అనుకున్నారు, ఆ భాగాలు క్యాన్సిల్ అయ్యాయి. రెండోది, సారా, కైల్ ఈ పాయలో జాన్‌ని కనలేదు, మరి జాన్ ఎలా ఉన్నాడు? దుంగ లెక్కే, వేరే పాయ నుంచి కొట్టుకొచ్చాడు.

డార్క్ ఫేట్‌లో జాన్‌ని మొదటి ఐదు నిమిషాల్లోనే చంపేశారు. స్కైనెట్ లేకపోతే ఆ టెర్మినేటర్ ఎక్కడిది?

1998లో గ్వాటెమాలాలో బీచ్ పక్కన ఒక టీ-800 వచ్చి జాన్‌ని కాల్చేస్తుంది. అది పాత భవిష్యత్తు నుంచి బయల్దేరిన మెషీనే, స్కైనెట్ ఒకటి రెండు కాదు, చాలా పంపింది అని ఈ సినిమా లెక్క. పంపిన యజమాని ఇక పుట్టకపోయినా ఆర్డర్ మాత్రం మిగిలిపోయింది. లాజిక్ పరంగా ఇది రెండో సినిమా రూల్‌కి కట్టుబడే ఉంది.

మనసు పరంగా మాత్రం చాలామంది క్షమించలేదు, రెండో సినిమా అంతా ఆ పిల్లాడి ప్రాణం కోసమే కదా. నేను కూడా థియేటర్‌లో కాసేపు తేరుకోలేకపోయా. కానీ తర్వాత వచ్చే భాగం గురించి ఎక్కువ మంది మాట్లాడరు, పని అయిపోయాక ఏం చెయ్యాలో తెలియని ఆ మెషీన్ కార్ల్ అని పేరు పెట్టుకుని టెక్సస్‌లో కర్టెన్ల వ్యాపారం చేసుకుంటూ ఒక తల్లిని కొడుకుని చూసుకుంటుంది, తను ఏం లాక్కుందో మెల్లగా తెలుసుకుంటుంది, కొత్త టెర్మినేటర్లు ఎక్కడ దిగుతాయో పేరు చెప్పకుండా సారాకి మెసేజ్‌లు పంపుతుంది, ప్రతి మెసేజ్ చివర జాన్ కోసం అని. అది చాలా బరువైన ఆలోచన.

అసలు ఇన్నిసార్లు ఎందుకు తిరగరాశారు?

కథ కన్నా హక్కుల గొడవ ఎక్కువ. మొదటి సినిమా డైరెక్ట్ చేసే ఛాన్స్ కోసం కామెరూన్ తన హక్కుల్ని నిర్మాత గేల్ ఆన్ హర్డ్‌కి ఒక్క డాలర్‌కి ఇచ్చేశాడు. రెండోది కరోల్కో తీసింది, 1995లో ఆ కంపెనీ దివాలా తీసింది. మూడోది వేరేవాళ్లు, నాలుగోది హాల్సియన్ అనే ఇంకో కంపెనీ, అదీ దివాలా. ఐదోదానికి స్కైడాన్స్, పారామౌంట్. ఆరోదానికి కామెరూన్ నిర్మాతగా తిరిగొచ్చాడు. నాలుగోదాని నుంచి ప్రతిసారీ కొత్త మూడు భాగాల ప్లాన్ వేసుకున్నారు, మొదటి భాగం అనుకున్నంత ఆడకపోతే దాన్ని అక్కడే వదిలేశారు, తర్వాత వచ్చినవాళ్లు అందరికీ నచ్చిన రెండో సినిమా దగ్గరికే మళ్లీ పరిగెత్తారు. అందుకే జెనిసిస్ తప్ప ఎక్కువ కొమ్మలు అక్కణ్ణుంచే మొలిచాయి.

జీరో వీటిలో దేనికి కలుస్తుంది?

దేనికీ కలవక్కర్లేదు. టోక్యోలో జరుగుతుంది, కానర్లు ఎవరూ ఉండరు. గతానికి వెళ్లి మార్చినా నువ్వు వదిలొచ్చిన లోకం మారదు, కొత్త పాయ ఒకటి పుడుతుంది అంతే, అని ఇందులో సూటిగా చెప్పేశారు. అన్నేళ్లుగా ఫ్యాన్స్ కొట్టుకున్న దానికి కథలోనే ఒక సమాధానం ఇచ్చారు. దాంతో ఒక పెద్ద దిగులు కూడా వచ్చింది, ఎంత మంది ప్రాణాలు ఇచ్చినా పంపినవాళ్ల లోకానికి ఒరిగేది ఏం లేదు. ఒక సీజన్‌తో ఆపేశారు.

ఏ వరసలో చూడమంటారు?

కొత్తవాళ్లైతే ఒకటి, రెండు చూసి ఒక వారం గ్యాప్ ఇవ్వండి. తర్వాత టీవీ సిరీస్. ఆ తర్వాత ఓపిక ఉంటే మూడు-నాలుగు కలిపి, డార్క్ ఫేట్ విడిగా, జెనిసిస్ ఆఖర్లో. ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి వెళ్లేముందు రెండోదాని చివరి పావుగంట మళ్లీ వేసుకోండి, నేను అలాగే చేస్తా, ఎక్కడ నుంచి చీలిందో కళ్ల ముందు ఉంటుంది.

తారీఖుల్లో ఇంకేమైనా తప్పులు ఉన్నాయా?

ఉన్నాయి. మూడో సినిమాలో సారా సమాధి మీద 1959-1997 అని ఉంటుంది, అంటే 1984కి పాతికేళ్లు. జెనిసిస్‌లో 1973కి తొమ్మిదేళ్ల పిల్ల, అంటే 1984కి ఇరవై. ఒకే మనిషి.

ఇంకోటి మొదటి సినిమాలోనే ఉంది. కైల్ వీధిలో పోలీసుని పట్టుకుని ఈ రోజు తారీఖు ఎంత అని అడిగితే వాడు మే 12, గురువారం అంటాడు. 1984 క్యాలెండర్ తీసి చూడండి, మే 12 శనివారం.